హెడ్డు గారి వంట

బస్సు డిపోలో అతను హెడ్ మెకానిక్. అంత పొడుగు మాట ఎవరు పలుకుతారు? హెడ్డు అనేవారు. ఆ పేరు డిపో గేటు దాటి వీధిలోకి వచ్చింది, వీధిలోంచి మెట్లెక్కి రెండో అంతస్తులో వాళ్ల వాటా దాకా వచ్చింది. పాలవాడు కూడా "హెడ్డు గారూ, పాలు" అనే తలుపు కొట్టేవాడు. భార్య మాత్రం ఏనాడూ ఆ పేరు ఎత్తలేదు. "ఏమండీ" అనేది, అంతే.

మూత ఎత్తకుండానే ఇంజిన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడని డిపోలో అతని గురించి గొప్పగా చెప్పుకునేవారు. ఇంటికొచ్చాక ఆ చెవులు రెండూ రేడియోకే అంకితం.

ఆదివారం మధ్యాహ్నం అతనికి హామూ బీన్సూ పడాల్సిందే. ఉప్పులో ఊరబెట్టి, పొగ పట్టించిన పంది తొడ మాంసం, ఎముకతో సహా. దానికి తోడు ఎండు తెల్ల బీన్స్. మాంసం కొట్టువాడు ఎముక కాస్త కండతో ఉన్నది చూసి వీళ్ల కోసం పక్కన పెట్టేవాడు. భార్య శనివారమే గింజలు ఏరి నానబోసి, ఆదివారం పొద్దున్నే మందపాటి గిన్నెలో ఎముకా, ఉల్లిపాయలూ, వెల్లుల్లీ వేసి పొయ్యి మీద పెట్టేది. ఇక ఆ గిన్నె పక్కనుంచి కదిలేది కాదు. నీళ్లు తగ్గితే పోయడం, నురగ తీయడం, అడుగంటకుండా కలపడం. గింజలు పాతవైతే ఎంతసేపు ఉడికించినా లొంగవు. ఆ మాట ఆమెకు తెలుసు, కొట్టువాడికి తెలుసు. హెడ్డుకి చెప్పినా ఎక్కేది కాదు.

"గింజ ఉడకలేదు" అనేవాడు మొదటి ముద్దకే. ఉడికితే "ఉప్పెక్కువైంది" అనేవాడు. ఉప్పు సరిపోతే "చల్లారిపోయింది" అనేవాడు. ఒకసారి డిపో స్నేహితులు నలుగురు భోజనానికి వచ్చారు. అతను ఒక గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని అందరికీ చూపించి, "బాల్ బేరింగులు అయిపోతే స్టోర్సుకి వెళ్లక్కర్లేదురా, మా ఇంటికి రండి" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మరో ఆదివారం ఆమెకు ఒళ్లు కాలిపోతున్న జ్వరం. అయినా లేచి వండింది. అడుగంటింది. అతను ఒక్క మాట అనకుండా గిన్నె తీసుకెళ్లి సింకులో బోర్లించి, చేతులు కడుక్కుని హోటలుకి వెళ్లాడు. సింకు జాలీకి అడ్డం పడ్డ గింజలన్నీ ఆమే తీసుకుంది.

కూతురు ఉద్యోగంలో చేరగానే తల్లి కోసం కరెంటు ప్రెషర్ కుక్కర్ కొనిపెట్టింది. "అన్నీ వేసి, మూత బిగించి, బటన్ నొక్కెయ్ అమ్మా. అదే ఉడికించుకుని, అదే ఆగిపోతుంది. నువ్వు పక్కన నిలబడక్కర్లేదు" అంది. తల్లి ఆ గిన్నెను బయటికి తీసి, తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది. హెడ్డు మాత్రం మొహం చిట్లించాడు. "మిషన్లో వండిన కూడు నాకొద్దు. నువ్వు కాళ్లు చాపుకుని కూర్చోడానికా ఇది?" అని, పెట్టెతో సహా బీరువా మీదకి ఎక్కించేశాడు. రోజంతా మిషన్లతో బతికే మనిషి అన్న మాట అది. కూతురు ఏదో అనబోతే తల్లి కళ్లతోనే వద్దంది.

అతను రిటైరైన ఏడాదే ఆమె స్నానాల గదిలో పడిపోయింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు ఆమె మాట వినడం మానేశాయి. ఎడమ చేతికి వణుకు. మాట మాత్రం కొద్దిగా ముద్దగా, ఆగి ఆగి వచ్చేది. కూతురి కాపురం ఊరికి ఆ చివర; ఆదివారాలు తప్ప కుదరదు. ఇక ఇంట్లో మిగిలింది హెడ్డే.

నిజం చెప్పాలంటే, అతను పారిపోలేదు. ఒళ్లు తుడిచాడు, బట్టలు మార్చాడు, వంటింట్లోకి అడుగుపెట్టాడు. బీరువా మీది పెట్టె దించాడు. మొదటిసారి గింజలు నానబెట్టకుండా వేశాడు, రాళ్లే మిగిలాయి. రెండోసారి గిన్నె నిండా నింపి, ఆవిరి పూర్తిగా పోకముందే మూత మీది గొట్టం తెరిచాడు. నురగ చిమ్మి గోడంతా జిడ్డు. మూడోసారి మూతలో రబ్బరు రింగు పెట్టడం మరిచాడు. ఆవిరి నిలవక అది కుయ్యోమంటూనే ఉంది. తల ప్రాణం తోకకొచ్చింది. నీళ్లు ఎంతవరకు పోయాలో, ఎముకలోని ఉప్పు దిగేదాకా విడిగా ఉప్పెందుకు వెయ్యకూడదో, మెల్లగా పట్టుబడింది. చివరికొక రోజు మూత తీస్తే మాంసం ఎముకను వదిలేసి ఉంది, గింజలు తొక్క చిట్లకుండా మెత్తగా, రసం చిక్కగా. అతను గరిటెతో రుచి చూసి వంటింట్లో ఒక్కడే నవ్వుకున్నాడు.

గిన్నెలో వేసుకుని, చల్లార్చి, మంచం పక్కన కూర్చుని చెంచా ఆమె నోటికి అందించాడు. ఆమె నాలుక మీద కాసేపు తిప్పింది.

"గింజ ఉడకలేదు" అంది.

"ఉడికిందే! వెన్నలా ఉంది చూడు."

"ఉడకలేదు. నువ్వు తిను."

అతని చెయ్యి చెంచాతో సహా గాల్లోనే ఆగిపోయింది. ఉడకలేదన్నందుకు కాదు. ఆమె ఇన్నేళ్ల కాపురంలో అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

ఆదివారం కూతురొచ్చినప్పుడు ఆ 'నువ్వు' సంగతి గొంతు తగ్గించి చెప్పాడు. "పక్షవాతం వచ్చినవాళ్లకి మాటలు తడబడతాయి నాన్నా, అదంతా పట్టించుకోకు" అని కూతురు సర్ది చెప్పింది. తలూపాడు గానీ, వ్యాయామం చేయించడానికి వచ్చే నర్సుని ఆమె "కూర్చోండి, మీరు అలిసిపోయారు" అనడం అతను ఆ ముందురోజే విన్నాడు. అక్కడేమీ తడబడలేదు. ఇంకా చిత్రం, అతను వండిన బీన్సే కూతురు తినిపిస్తే గిన్నె అడుగు కనబడేదాకా తింది. "అమ్మ బాగానే తింటోందిగా!" అంది కూతురు.

సోమవారం అతను చెంచా ఎత్తగానే పళ్లు బిగించేసింది. బతిమాలాడు. గదమాయించాడు. మళ్లీ బతిమాలాడు. రసం గడ్డం మీదుగా కారి దిండు తడిసింది గానీ నోరు తెరుచుకోలేదు.

కింది వాటాలో కుట్టుపని చేసుకునే ఆవిడ ఉంది. మధ్యాహ్నం మిషన్ ఆపి కాసేపు పైకొచ్చి పలకరించి పోయేది. గుమ్మంలోనే హెడ్డు ఆవిడని ఆపాడు.

"ఒక్క సాయం చెయ్యమ్మా. ఇది నువ్వు వండానని చెప్పి తినిపించు."

"అబద్ధం ఎందుకు హెడ్డు గారూ? అక్కయ్యకి తెలీదా నా వంటా, మీ వంటా?"

"తెలిస్తే తినదు."

ఆవిడ అతన్ని ఒకసారి తేరిపార చూసి, గిన్నె అందుకుని లోపలికి వెళ్లింది. అతను వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చెంచా గిన్నెకి తగిలే చప్పుడు వినబడుతోంది. తింటోంది.

"ఎలా ఉంది అక్కయ్యా?"

"బాగుంది... ఆయనే కదా వండింది."

"అంటే... అవును. మరి ఆయన పెడితే ఎందుకు తినరు? పాపం, అంత కష్టపడి చేస్తున్నారు."

ఆమె ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది: "వంటకి వంక లేదమ్మా. ఆ చెయ్యి... చూస్తే... మింగుడు పడదు."

కుట్టుపనావిడ ఖాళీ గిన్నె తెచ్చి సింకులో పెట్టి, అతని వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది. హెడ్డు నేరుగా గదిలోకి వెళ్లాడు.

"అంత కడుపులో పెట్టుకున్నదానివి, అప్పుడే చెప్పి ఏడవచ్చుగా!"

ఆమె కిటికీ వైపు చూస్తూనే జవాబిచ్చింది. "చెప్పాను. రేడియో... పెద్దగా పెట్టావు."

ఎప్పుడు, ఏ రోజు అని అడగబోయి ఆగిపోయాడు. ఒక రోజని ఏముంది, ఏ రోజైనా అయ్యుండొచ్చు.

ఆ తర్వాత అదే పద్ధతైంది. అతను నానబెట్టడం, వండటం, చల్లార్చడం. కుట్టుపనావిడ తినిపించడం. ఆవిడకి పెళ్లిళ్ల బట్టలు ఎక్కువై రాలేని రోజున గిన్నె అలా మూతతో ఉండిపోయేది. ఆమె ఆకలితో పడుకునేదే గానీ అతన్ని అడిగేది కాదు. అతనొకసారి గిన్నె పక్కనపెట్టి, "నన్ను క్షమించవే" అన్నాడు. "మంచినీళ్లు" అంది ఆమె. నీళ్లు మాత్రం అతని చేత్తోనే తాగింది. తాగి మొహం తిప్పుకుంది.

చలికాలం దాటలేదు. ఒక ఉదయం అతను మాంసం కొట్టు నుంచి వచ్చేసరికి కుట్టుపనావిడ మెట్ల దగ్గరే నిలబడి ఉంది. "అక్కయ్య వెళ్లిపోయింది" అంది. అతను సంచి కింద పెట్టడం కూడా మరిచి, దానితోనే లోపలికి వెళ్లి నిలబడ్డాడు.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "మగాడై ఉండి ఎంత సేవ చేశాడు! చేత్తో వండి పెట్టాడు మహానుభావుడు. అదృష్టవంతురాలు." డిపో స్నేహితుడైతే భుజం తట్టి, "నీలాంటివాడు నూటికొక్కడు హెడ్డూ" అన్నాడు. ఆ గుంపులో కుట్టుపనావిడ ఒక్కతే నోరెత్తలేదు. అతను కళ్లు ఎత్తినప్పుడల్లా ఆవిడే కనబడింది. జనం పలచబడ్డాక దగ్గరికెళ్లాడు.

"నువ్వైనా చెప్పొచ్చుగా వాళ్లకి?"

"ఏం చెప్పమంటారు? అక్కయ్య చెప్పింది నాకు. ఊరికి కాదు" అంది ఆవిడ, చెప్పులేసుకుంటూ.

సాయంత్రం కూతురు తల్లి చీరలు మడతపెడుతూ అడిగింది. "నాన్నా, చివర్లో అమ్మ నీ గురించి ఏమైనా అందా?"

అతను మడతపెట్టిన చీరొకటి తీసి బీరువాలో పెట్టాడు. చివరికి, "వంట బాగుందంది" అన్నాడు.

కూతురు చీర ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూనే నవ్వింది. "చూశావా? ఇన్నాళ్లకి నీ చేతి వంట తిని, మెచ్చుకుని మరీ వెళ్లింది అమ్మ" అంది.

అతను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, కడిగేదేమీ లేకపోయినా అక్కడే నిలబడిపోయాడు.