ఎడమ బుగ్గ స్లైడు

మా బడిలో సైన్సు టీచర్‌ని అందరూ ఉల్లిపొర టీచర్ అనేవారు. కణాల పాఠం వచ్చిందంటే చాలు, చేతిలో ఉల్లిపాయతో ఏడో తరగతిలోకి నడిచేది. పిల్లలు నవ్వుతూనే కళ్లు తుడుచుకునేవారు. ఉల్లిపొర అయ్యాక బుగ్గ కణాల వంతు. పిల్లల నోట్లో పుల్ల పెట్టనిచ్చేది కాదు. తన బుగ్గ లోపలే మెల్లగా గీకి, గాజు పలక మీద రాసి, నీలం రంగు చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టేది. పంతొమ్మిదేళ్లలో అక్కడ చదివిన వాళ్లందరూ ఆవిడ బుగ్గ కణాలు చూసినవాళ్లే. స్టాఫ్‌రూంలో ఆవిడ పక్క కుర్చీ నాది. లెక్కల మాస్టర్ని.

ఈ ఏడు ఆ పాఠం రోజు ఆవిడ మైక్రోస్కోప్‌లోకి వంగి ఎంతకీ తల ఎత్తలేదట. వెలుతురు చాలడం లేదని పిల్లలకు చెప్పి, స్లైడు రుమాలులో చుట్టుకుని స్టాఫ్‌రూంకి వచ్చింది. ఎడమ బుగ్గ లోపల మూడు నెలలుగా తెల్ల మచ్చ ఉందనీ, పన్ను ఒరుసుకుంటోందని సరిపెట్టుకున్నాననీ, ఇవాళ రెండు మూడు కణాల్లో కేంద్రకాలు ఉండాల్సిన దానికంటే పెద్దగా, క్యాన్సర్ కణాల్లోలా కనిపించాయనీ చెప్పింది. ఇంట్లో ఆయనకు కూడా చెప్పలేదట.

ఇంకొకరైతే మర్నాడే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. ఈవిడ స్లైడులు చేయడం మొదలుపెట్టింది. భోజనాల వేళ ల్యాబ్ తలుపు దగ్గరకు వేసి ఎడమ బుగ్గది ఒకటి, కుడి బుగ్గది ఒకటి తయారు చేసి, చీటీలు అంటించి పక్కపక్కన పెట్టి చూసేది. రెండు వారాల్లో ఇరవై నాలుగయ్యాయి. గీకీ గీకీ బుగ్గ పుండయింది. చివరికి నన్ను పిలిచి చూడమంది. నాకు కణాల సంగతి ఏం తెలుసు? అయినా ఆవిడ భయం చూడలేక, పెద్ద ఆరిందాలా కన్ను పెట్టి చూసి అన్నాను:

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి టీచర్ గారూ. తాడును చూసి పామనుకున్నారు. వదిలేయండి."

వదిలేసింది. రెండు నెలలు గడిచాయి. టీ తాగేటప్పుడు గుటకను కుడి పక్కకే మళ్లించుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. చూడనట్టే ఊరుకున్నాను. నాకూ భయమే మరి.

తరువాత కణజాలాల పాఠం వచ్చింది. ఒకే రకం కణాలు కలిసి ఒకే పని చేస్తే కణజాలం, రకరకాల కణజాలాలు కలిసి పనిచేస్తే అవయవం అని చెప్పి, బోర్డు మీద బుగ్గ లోపలి చర్మాన్ని పొరలు పొరలుగా గీసిందట. పుల్లతో గీకితే ఊడివచ్చేది పైపొర ఒక్కటేనని అంటూ అంటూ ఆగిపోయిందట. చేతిలో సుద్దముక్కతోనే నా తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, నేను చూసింది పైపొరే. కింద ఏముందో చూడనే లేదు. నాతో ఆస్పత్రికి వస్తారా?"

ఏటేటా పిల్లల చేత వల్లె వేయించిన ముక్క, తన బుగ్గ దాకా వచ్చేసరికి గుర్తు రాలేదు.

డాక్టరు మచ్చ దగ్గర చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా వారం రోజులూ నేను తరగతిలో కూడికలు కూడా తప్పాను. ఫలితం రోజున, క్యాన్సరేనని తెలిశాక ఆవిడ అడిగింది ఒక్కటే, అడుగు పొర దాటిందా అని. కొంచెం దాటిందన్నాడు డాక్టరు. సోమవారం ఆపరేషన్, బుగ్గలో కొంత తీసేయాలి, ఆ తరువాత మాట ఎంతవరకు స్పష్టంగా వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

తిరుగు బస్సులో నేను తల ఎత్తలేకపోయాను. వదిలేయమన్నది మీరే కదా అంటుందేమోనని ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. ఆ మాట ఎత్తలేదు. ఒళ్లోని సంచీని గట్టిగా పట్టుకుని, చాలా భయంగా ఉందంది. రెండు స్టాపులు దాటాక నా వైపు తిరిగింది.

"అవయవాల పాఠం సగం మిగిలిపోయింది మాస్టారూ. రేపూ ఎల్లుండీ మీ పీరియడ్లు నాకివ్వండి. నోట్లో మాట ఉండగానే చెప్పేస్తాను."