ఆనపకాయ కూరలో పడినవి

జిల్లాల విభజన జరిగిన ఏడాది, జూన్ నెలలో, ఏలూరులోని ఒక పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అదే ఆఖరి కొలువు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వెళ్లేవాణ్ణి. పథ్యాన్ని పద్యంలా అప్పజెప్పడం నా పని. నేను శాకాహారినే అయినా, నా పొట్ట చూసినవాళ్లు మాత్రం ఆ పద్యం నాకే కంఠతా రాలేదనుకునేవారు.

కొల్లేటి లంక నుంచి దుర్గ అనే రెండేళ్ల పాపను తీసుకొచ్చేవారు. మనం తిన్న మాంసకృత్తులు కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. వాటిలో ఫినైల్ అలనిన్ అనేదాన్ని ఆ పాప ఒళ్లు వాడుకోలేదు. పుట్టుకతో వచ్చిన లోపం. అది కొద్దిగా అవసరమే కానీ, మిగిలితే నెత్తురులో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. అందుకని చేప, గుడ్డు, పప్పు, పాలు మానిపించాం. కొలిచిన అన్నం, కూరగాయలు, ఆ ఒక్క ఆమ్లం లేకుండా తయారయ్యే పొడి, అంతే.

పాప ఇంటి కూర తినడం మొదలుపెట్టాక రక్తపరీక్షలో ఆ ఆమ్లం అంకె పెరుగుతూ పోయింది. ఇలాగే సాగితే మాట, చదువు వెనకబడతాయని డాక్టరుగారు తేల్చి చెప్పారు. నాయనమ్మ నాగరత్నంగారేమో చేప ముక్క తగలనివ్వడం లేదని, ఆనపకాయ కూరే పెడుతున్నానని పాప తల మీద చెయ్యేసి చెప్పేవారు.

చివరికి వాళ్లింటికే వెళ్లాను. భోజనాల వేళ. పాపకు కలుపుతున్న ఆనపకాయ కూరే నాకూ వడ్డించమన్నాను. ఆవిడ గరిటె వెనక్కి తీసుకున్నారు.

"మీరు నీచు తినరు కదండీ. పెరుగేస్తానుండండి."

"ఆనపకాయేగా అండీ?"

"ఆనపకాయేనండీ. ఎండురొయ్యలు దంచి వేశాం. అవి పడకపోతే కూరెలా అవుద్దండీ?"

ఆవిడ అబద్ధమాడలేదు. ఆ ఇంట్లో ఎండురొయ్యల డబ్బా ఉప్పు డబ్బా పక్కనే ఉంది. కానీ నీళ్లన్నీ ఆరిపోయిన రొయ్యలో మిగిలేది చాలావరకు మాంసకృత్తే. ఆ మాట చెప్పగానే పాప ముందున్న కంచం తీసేశారు. ఇప్పుడు మానేస్తే తగ్గుతుందా అని మెల్లగా అడిగారు. అంకె తగ్గుతుందని మాత్రం చెప్పగలిగాను.

ఆ రోజు నుంచి పాపకు వేరే గిన్నెలో వండారు. తరువాతి పరీక్షల్లో అంకె దిగివచ్చింది. పాప మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. అందుకు కారణం ఆ కూరేనా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఆ తరువాత, ఏం కూర వండారని నేను ఎవరినీ అడగలేదు. మీ ఇంటికి భోజనానికొస్తే నాకు ఏవి వడ్డించరని అడిగేవాణ్ణి.