కరెంటు సారు మూడు లక్షల కిలోమీటర్లు

రాబర్ట్‌సన్‌పేటలో బదరీనాథ్ ఇల్లెక్కడ అంటే ఎవరూ చెప్పలేరు. కరెంటు సారు ఇల్లంటే ఇడ్లీ బండివాడు కూడా చెయ్యి చాపి చూపిస్తాడు. ఆయన కోలారులో ఒక బీమా ఆఫీసుకు మేనేజరు. ఏడేళ్ల కిందట బెంగళూరులో ఎవరో పెద్ద అధికారి వాడి వదిలేసిన విదేశీ కారును కొనుక్కొచ్చాడు. దానికి కరెంటూ పెట్టవచ్చు, పెట్రోలూ పోయవచ్చు. గోడ ప్లగ్గులో వైరు పెడితే ఓ యాభై కిలోమీటర్లు కరెంటు మీద పోతుంది, అది అయిపోతే ఇంజను అందుకుంటుంది. అప్పటికే లక్షన్నర తిరిగిన బండి అది. "దీన్ని మూడు లక్షలు తిప్పకపోతే నా పేరు బదరీనాథే కాదు" అని కొన్న రోజే వీధిలో నిలబడి చెప్పాడు. తిప్పమని ఆయన్ను అడిగినవాళ్లెవరూ లేరు.

"మా నాయన కాలంలో మనుషుల్ని ఇక్కడి బంగారు గనిలోకి దించే ఇంజన్లు తాతలనాటివి. బాగా చూసుకుంటే ఇనుము ఎందుకప్పా చచ్చేది?" అనేవాడు. వాళ్ల నాయన గనుల్లో చూసుకున్నది హాజరుపట్టీని, ఇంజన్లను కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు గానీ, పెద్దమనిషితో మనకెందుకని ఊరుకునేవాళ్లు.

చూసుకోవడమంటే అలా ఇలా కాదు. బ్యాటరీ నూటికి ఎనభై దాటి నిండకూడదు, ఇరవై కంటే దిగకూడదు. టైర్లలో గాలి ప్రతి సోమవారం కొలవాలి. వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి అందే సందు ఒకటుంది. అక్కడ చీరకొంగు అడ్డం పడితే దానికి ఊపిరాడదని ఆడవాళ్లను వెనక కూర్చోనిచ్చేవాడు కాదు. ముందు కూర్చున్నవాళ్లు ఏసీ అడగకూడదు. ఆయుధపూజనాడు ఊరంతా బిందెలతో బండ్లు కడుగుతుంటే, ఈయన తడిగుడ్డతో తుడిచి, కుంకుమ రాలితే ప్లగ్గులో పడుతుందని స్టిక్కరు బొట్టు అంటించేవాడు. ఆఫీసుకు పోగానే తాగునీళ్ల మిషను ప్లగ్గు పీకేసి, కిటికీలోంచి వైరు లాగి బండికి పెట్టేవాడు. ఆయన కింద పనిచేసేవాళ్లు ఇంటినుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఇన్ని చేసిన మహానుభావుడు ఇంజనును మాత్రం ముట్టుకోలేదు. పోను ముప్పై, రాను ముప్పై, పండగా సెలవూ చూడకుండా రోజుకు అరవై, అన్నీ కరెంటు మీదే. పెట్రోలు కాలిస్తే పరువు పోయినట్టే. ఆండర్సన్‌పేటలో షెడ్డు నడిపే మెకానిక్ సునీల్‌కుమార్ మొత్తుకునేవాడు.

"సార్, నెలకొకతూరి అయినా ఇంజను తిప్పండి. ట్యాంకులో పెట్రోలు రెండేండ్లనాటిది. చెడిపోయుంటాది."

"ఇంజను ఉండేది ధైర్యానికి సునీల్, వాడేదానికి కాదు."

ఈ యజ్ఞంలో సమిధ ఆయన భార్య కమలాక్షి. బూదికోట హైస్కూల్లో లెక్కల టీచరు. రోజూ బస్సులో నిలబడి పోయి, నిలబడి వచ్చేది. ఆ దారిలో గుంతలున్నాయని బండిని అటు తిప్పేవాడు కాదు ఆయన. కానీ పోట్లాట పెరిగినప్పుడల్లా ఒక మాట ఇచ్చేవాడు. "మూడు లక్షలు నిండిన రోజు తాళంచెవి నీ చేతిలో పెడతా కమలా. ఇంగ నువ్వు యాడికన్నా పో." ఆవిడ నమ్మింది. నలభై ఆరేళ్ల వయసులో, పిల్లకాయలు నవ్వుతున్నా లెక్కచేయకుండా డ్రైవింగ్ స్కూలుకు పోయి లైసెన్సు తెచ్చుకుంది. రెండేళ్లుగా అది చేతిసంచిలోనే ఉంది. రోజూ సాయంత్రం మీటరు ఎంతైందని అడిగి, ఇంకా ఎన్ని రోజులో మనసులోనే లెక్క కట్టుకునేది. ఎంత ఆశ పెట్టుకుందో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది, ఆదివారం. మూడు లక్షలు సరిగ్గా తన ఇంటి ముందు, నలుగురి కళ్లముందు నిండాలని బదరీనాథ్ పట్టుబట్టాడు. గుమ్మడికాయ, కేకు, తన బొమ్మతో ఒక బ్యానరు సిద్ధం చేయించాడు. మీటరులో మిగిలిన కిలోమీటర్లు సరిపోయేలా బేతమంగళ మీదుగా ఒక చుట్టు లెక్కవేసి, కమలాక్షిని ముందు సీట్లో ఎక్కించుకుని బయలుదేరాడు. లెక్కల టీచరు పక్కనే ఉన్నా అడగలేదు. రోడ్డు తవ్వేసి ఉండటంతో ఊళ్లమ్మట తిరిగి రావలసి వచ్చింది. మీటరు ముందే నిండిపోతుందేమోనని భయపడి, ఆయన అడ్డదారిన చుట్టు కుదించి లెక్క సరిచేసుకున్నాడు. ఆ గుంతల్లో అయిపోయింది మీటరు కాదు, కరెంటు. ఇంటికి పన్నెండు కిలోమీటర్లుండగా ఇంజను అందుకోవాల్సి వచ్చింది. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మీటరు చూస్తే సరిగ్గా ఇంకో పన్నెండు.

సునీల్‌కుమార్‌కు ఫోను చేశాడు.

"సార్, ఆడనే ఉండండి. లారీ తెస్తా. బండిని పైకెక్కించి తీసుకురావాల. చక్రాలు తిరగనే కూడదు. తిరిగితే మోటారు కాలిపోతాది."

"చక్రాలు తిరక్కపోతే మీటరు ఎట్ల తిరుగుతాదప్పా?"

"మీటరు యాడికి పోతాది సార్, రేపు తిప్పుకోవచ్చు."

రేపా? ఇంటిముందు జనం కూర్చునున్నారు, కేకు కరిగిపోతుంది. అటుగా ట్రాక్టరులో రాగుల మూటలు వేసుకుని బేతమంగళ రైతు మునియప్ప వచ్చాడు. బండి ఆగితే తాడు కట్టి లాగడమే ఆ పల్లెల్లో అందరికీ తెలిసిన వైద్యం. "తాడు ఉండాది సార్, కట్టేదా?" అన్నాడు.

"వద్దండీ," అంది కమలాక్షి. "సునీల్ అంత గట్టిగా చెప్పినాడు కదా. ఇన్నేండ్లు ఆగినాం, ఒక్కరోజు ఆగలేమా?"

"నువ్వు సుమ్మనే ఉండు. బండి గురించి నాకు చెప్తావా?"

తాడు కట్టారు. మునియప్ప ముందు, బదరీనాథ్ వెనక స్టీరింగు పట్టుకుని, మీటరు ఆన్ చేసి ఒక్కొక్క కిలోమీటరూ పైకి లెక్కపెడుతూ బయలుదేరారు. ఎనిమిదో కిలోమీటరుకు కాలిన వాసన వచ్చింది. "ట్రాక్టరు పొగ" అన్నాడు. పదో కిలోమీటరుకు కారులోపల పొగ కమ్మింది. కమలాక్షి కిటికీ దించి, ఆపమని అరిచింది. "ఇంకా రెండే" అన్నాడాయన. వినాశకాలే విపరీతబుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా? ట్రాక్టరు రాబర్ట్‌సన్‌పేటలోకి లాక్కొచ్చేసరికి మీటరులో మూడు పక్కన అయిదు సున్నాలు పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. పొగ చూసి సాంబ్రాణి వేసుకొచ్చారనుకున్నారు కొందరు. ఎవరో గుమ్మడికాయ పగలగొట్టారు. బదరీనాథ్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ బ్యానరు పక్కన ఫొటో దిగాడు.

సునీల్‌కుమార్ వచ్చి వంగి చూసి లేచాడు. "మోటారు పోయినాది సార్. దీన్ని బాగుచేసే డబ్బుకు ఇంగో బండి వస్తాది."

కమలాక్షి మొగుడి ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"మూడు లక్షలు నిండినాయా?"

"నిండినాయి..."

"అయితే తాళంచెవి ఇయ్యండి."

ఇచ్చిన మాట ఊరందరి ఎదుట ఇప్పుడు ఎగ్గొట్టలేడు. ఇచ్చాడు. పాపం, తనమీద జాలిపడి ఎలాగోలా బాగుచేయిస్తుందనుకున్నాడు. బుధవారం ఆవిడ దాన్ని పాత ఇనుము వాళ్లకు తూకానికి తోలించింది. వచ్చినదానికి తన జీతం కలిపి ఒక కరెంటు స్కూటరు కొనుక్కుంది. అడ్డం పడబోయిన మొగుడికి, బండి ఎవరిదో ఒకసారి గుర్తుచేసింది, అంతే.

మళ్లీ సోమవారం పొద్దున ఆవిడ హెల్మెట్టు పెట్టుకుంటుంటే, వారం పెట్టిన సెలవు అయిపోయిన బదరీనాథ్ ఆఫీసు సంచితో వాకిట్లో నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి అడిగాడు.

"కమలా, కోలారు బస్సులో సీటు దొరుకుతాదా?"

ఆవిడ స్కూటరు స్టార్టు చేసింది.

"దొరకదండీ. కిటికీ పక్కన కమ్మీ పట్టుకుని నిలబడండి, గాలి వస్తాది. ఏడేండ్లు నిలబడినదాన్ని చెప్తా ఉండా."