నైరుతి మూల ట్యాంకు

మా మరిది మిలట్రీలో ట్యాంకు నడిపాడు. రిటైరై వచ్చాక రాజాంలో మా ఇంటి మీదే మేడ వేసుకున్నాడు. కింద నేనుంటాను, పైన మరిదీ తోటికోడలూ. మేడ మీది డాబా మాత్రం ఉమ్మడి. డాబా నడిమధ్య చోటు నా వడియాలకి వదలాలని మేడ మొదలెట్టిన నాడే చెప్పి ఒప్పించాను.

దసరాకి వారం ముందు వెయ్యి లీటర్ల నల్లటి నీళ్ళ ట్యాంకు ఆటోలో వచ్చింది. దాన్ని డాబా మీదికి చేర్చి నైరుతి మూల నిలబెట్టారు. కింద దిమ్మ ఇంకా కట్టలేదు. గొడవ అక్కడ మొదలైంది.

"ఇక్కడే ఉంచీద్దాం వదినా," అన్నాడు మరిది.

"నైరుతిలో బరువుండాల అక్కా. వాస్తు," అంది తోటికోడలు.

నేను పుష్యమాసంలో బూడిదగుమ్మడి వడియాలు పెడతాను. సాయంత్రం దాకా ఎండ తగలకపోతే లోపల పులిసి బూజు పడతాయి. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, నీడని లెక్కకట్టకుండా ఊరుకుంటానా? సుద్దముక్కతో డాబా మీదే గీసి చూపించాను. దిమ్మతో కలిపి ట్యాంకు ఏడడుగులు. పుష్యంలో మధ్యాహ్నం మూడింటికి దాని నీడ పన్నెండడుగులు సాగి ఈశాన్యం వైపు పడుతుంది. అంటే సరిగ్గా నా వడియాల పంచె మీద. అదే వాయవ్యం మూల పెడితే నీడ మన డాబా మీద పడదు.

మరిది ఆకాశం కేసి చూశాడు. "ఏదీ నీడ? దసరాయే రాలేదు, పుష్యం అంటన్నావు. ట్యాంకు సంగతి నాకు సెప్పకు వదినా. ఇరవై రెండేళ్ళు ట్యాంకులో బతికినోణ్ణి."

"ఆ ట్యాంకూ ఈ ట్యాంకూ ఒకటేనా?"

"పేరొకటే గదా!"

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కిందకి వచ్చి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తీశాను. ట్యాంకు అన్న పదం గుజరాతీ, మరాఠీవాళ్ళు నీళ్ళు నిలవ చేసుకునే కుండీకి పెట్టుకున్న పేరు నుంచి వచ్చిందని కొందరు, పోర్చుగీసువాళ్ళ చెరువు మాట నుంచని ఇంకొందరు. రెండూ కలిసి ఉంటాయని నిఘంటువు రాజీ చేసింది. ఇరిగేషను కాగితాల్లో మన చెరువులన్నీ ట్యాంకులే. తర్వాత పెట్రోలుదీ, పెరట్లో సెప్టిక్‌దీ వచ్చి చేరాయి. యుద్ధంలో తిరిగేదానికి ఆ పేరెలా వచ్చిందో చదివాక ఇక ఆగలేకపోయాను.

మర్నాడు కాఫీ దగ్గర చెప్పాను. "మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఆ బండ్లని రహస్యంగా తయారుచేస్తూ, నీళ్ళ ట్యాంకులు చేస్తున్నామని పైకి చెప్పారట. ఆ దొంగపేరే నిలిచిపోయింది. అసలు ట్యాంకు డాబా మీదున్నదే. నువ్వు నడిపినది దాని పేరు పెట్టుకుని తిరిగింది."

తోటికోడలు కిసుక్కున నవ్వింది. "అయితే ఇరవై రెండేళ్ళూ నీళ్ళకుండీ నడిపారేటండీ?"

మరిది కాఫీ సగంలో వదిలేసి పైకి వెళ్ళిపోయాడు. దసరా దాకా నాతో మాట్లాడలేదు.

దసరా పొద్దున్న వీధిలో అందరూ బళ్ళు కడిగి పూజలు చేస్తున్నారు. మరిది బైకు మాత్రం దుమ్ముతోనే ఉంది. నా సుద్దగీతలు ఏమయ్యాయో చూద్దామని డాబా ఎక్కాను. నీళ్ళ ట్యాంకుకి పసుపు, కుంకం, బంతిపూల దండ. ఎదురుగా నెత్తిన మిలట్రీ టోపీతో, చేతిలో హారతి పళ్ళెంతో మరిది.

"నవ్వకు వదినా."

"నేనెందుకు నవ్వుతాను?" అన్నాను, పెదవి కొరుక్కుంటూ.

"రెజిమెంట్లో ప్రతి దసరాకీ ట్యాంకు కడిగి, దండేసి, నిమ్మకాయ తొక్కించీవోళ్ళం. ఇంటికొచ్చాక బైకుకి సేసినాను. ఏటో, పూజ సేసినట్టే లేదు. ఇదే అసలు ట్యాంకని నువ్వే సెప్పినావు గదా." జేబులోంచి నిమ్మకాయ తీశాడు. "కానీ నిమ్మకాయ తొక్కాలంటే బండి కదలాల."

నిమ్మకాయ పట్టుకుని వాయవ్యం మూల దాకా నడిచి వచ్చాడు.

"వాయవ్యం దాకా కదిలితే సాలేటి?" అన్నాడు.

"చాలు," అన్నాను.

తోటికోడల్ని కూడా పిలిచి, ట్యాంకుని పక్కకి పడుకోబెట్టి ముగ్గురం తోశాం. "ధీరే! బాయే! రోక్!" అని మరిది హిందీలో కేకలు, మెల్లగా, ఎడమకి, ఆపు అని. ఖాళీ ట్యాంకు కింద నిమ్మకాయ నలగలేదు. మరిది దాని మీద బోర్లా పడుకుంటే అప్పుడు చితికింది. నైరుతి బరువు తగ్గిందని తోటికోడలు బెంగపడితే, మేడ కట్టగా మిగిలిన ఇటుకలన్నీ ఆ మూల పేర్చాం.

పుష్యం వచ్చింది. మూడింటికి నా పంచె నిండా ఎండ. మరిదిని పిలిచి చూపిస్తున్నాను, ఉత్తరం పక్కింటి డాబా మీంచి ఇల్లాలు కేకేసింది.

"ఏటి పిన్నీ! మీ ట్యాంకు నీడ మా డాబా మీదకొచ్చీసింది! మా వడియాలు ఎప్పుడెండుతాయి?"

నా లెక్క మా పిట్టగోడ దగ్గర ఆగిపోయింది. అవతల కూడా వడియాలు పెట్టుకుంటారని అందులో లేదు.

"సరిహద్దు దాటీసినాం వదినా," అన్నాడు మరిది, పళ్ళన్నీ కనబడేలా.

ఇప్పుడు మా డాబా మధ్యలో సగం చోటు నా వడియాలకి, సగం పక్కింటావిడ వడియాలకి. టోపీ పెట్టుకుని ట్యాంకుకి ఆనుకుని కూర్చుని, మరిది రెండింటికీ కాకుల్ని తోలుతాడు. ఇద్దరి వడియాలూ కలిసిపోకుండా నడుమ సుద్దగీత నేనే గీశాను.