అవ్వ ఆకులో సున్నం

నా చిన్నప్పుడు పాకాలలో మా అవ్వకు ఆకూవక్కా చుట్టి ఇచ్చే పని నాదే. అవ్వకు చేతులు వణికేవి. తమలపాకు మీద సున్నం పూయబోతే చీరకు అంటుకునేది, నీళ్ల గ్లాసు నోటిదాకా వచ్చేలోపు సగం ఒలికిపోయేది. వయసు మీద పడితే అంతేలే అని ఇంట్లో అందరూ వదిలేసినారు. నాకు మాత్రం ఆ చేతులు చూస్తే ఏడుపొచ్చేది.

ఒకసారి బళ్లో మా అయ్యవారు, ఒంట్లో సున్నం ఉంటేనే ఎముకలు గట్టిగా ఉంటాయని చెప్పినాడు. ఇంకేముంది, నాకు మందు దొరికింది. అవ్వ చేతుల్లో సున్నం తక్కువైందని తీర్మానం చేసుకొని, గోరంత పూయాల్సిన చోట బొటనవేలితో తీసి మందంగా మెత్తినాను. నోట్లో పెట్టుకొని అవ్వ కాసేపు కండ్లు మూసుకునింది. బాగుందా అని అడిగితే తలూపింది. చేతులు పట్టుకొని చూసినాను, వణుకు అట్లే ఉండాది. ఇంకోటి చుట్టి ఇచ్చినాను. అదీ నమిలింది.

సాయంత్రం సంగటిలోకి పులుసు వద్దని మజ్జిగ అడిగింది. అమ్మకు అనుమానమొచ్చి నోరు తెరిపించి చూస్తే నాలుకంతా పొక్కిపోయి ఉంది. అమ్మ నా మీదికి చెయ్యెత్తింది. అవ్వ నన్ను దగ్గరికి లాక్కొని, "కొట్టొద్దు మే. నాకు నయం చేయాలని సూసింది బిడ్డ" అనింది. తర్వాత మెల్లగా నాకు చెప్పింది, సున్నం రవ్వంత ఉంటేనే నోరు పండేది, ఎక్కువైతే కాలుస్తాదని.

ఇప్పుడా వణుకు నాకొచ్చింది. తిరుపతిలో డాక్టరు దీన్ని పార్కిన్సన్స్ అన్నాడు. నరాల కణాల్లోకి కాల్షియం చిటికెలో వచ్చి పోతా ఉంటేనే అవి ఒకదానికొకటి కబురు చెప్పుకుంటాయంట. వచ్చింది బయటికి పోకుండా నిలిచిపోతే కణం మెల్లగా చచ్చిపోతాదంట. ఈ జబ్బుకు ఇదీ ఒక కారణమని అనుకుంటున్నారు గానీ, అంతా ఇంకా తేలలేదన్నాడు. కాల్షియమంటే సున్నమే కదా అని నేను ఇంటికొచ్చి పాలు, పెరుగు, రాగిసంగటి అన్నీ మానేసినాను. పిచ్చిమొహందాన్ని. మళ్లీ పోయినప్పుడు ఆ మాట చెబితే ఆయన నవ్వలేదు. "తినేదానికీ దీనికీ సంబంధం లేదమ్మా, పాలు తాగండి. మాత్రలతో వణుకు కొంచెం తగ్గుతుంది. జబ్బును ఆపే మందు మాత్రం ఇంకా లేదు" అన్నాడు. ఇంత బతుకు బతికి, నా ఒంట్లో జరిగేదాని ముందు చేతకానిదాన్నై కూర్చున్నాను.

నా మనవరాలు ఫోన్లో వణుకుకు ఏదో వైద్యం చూసింది. రోజూ బడి నుంచి రాగానే నా వేళ్లకు నువ్వుల నూనె పట్టించి గట్టిగా రుద్దుతాది. ఆ రుద్దుడుకు కీళ్లు సలుపుతాయి. "ఈ పొద్దు వణుకు తక్కువుండాది కదా అవ్వా?" అంటాది. దాని మొహం చూసి లేదని చెప్పడం నా వల్ల కాదు. అవునమ్మా అని రెండో చెయ్యి కూడా ఇస్తాను. నయం కాదని తెలిసినా, బిడ్డ చేసే వైద్యానికి అడ్డం చెప్పకూడదని మా అవ్వ దగ్గరే నేర్చుకున్నాను.