తొమ్మిదో రూలు, మిగతా సగం

ప్రెస్ నుంచి పుస్తకాల కట్ట ఇవాళే వచ్చింది. మా బడిలో కొత్తగా చేరే టీచర్లకిచ్చే నియమాల పుస్తకం. దారం తెంపగానే సిరా వాసన గుప్పుమంది, నా వయసు ఒక్కసారిగా ముప్పై ఏళ్ళు తగ్గిపోయింది. అనసూయమ్మగారి సైక్లోస్టైల్ కాగితాల వాసన, అచ్చం అదే!

తొంభైల మొదట్లో నాకు ఇరవై రెండేళ్ళు, నిలువెల్లా సినిమా పిచ్చి. ఫిల్మ్‌నగర్‌లో పసిపిల్లల బడిలో ఉద్యోగం దొరికిందనగానే యూసుఫ్‌గూడలోని మా గదిలో ఎగిరి గంతేశాను. నటుల పిల్లలు వస్తారట, ఒక్కోసారి నటులే వస్తారట, ఇంకేం కావాలి! బడి నడిపే అనసూయమ్మగారు నా సంబరం చూసి, పిన్నులు కొట్టిన పదహారు పేజీలు నా చేతిలో పెట్టారు.

“జర మంచిగ చదువు బిడ్డా. చదివినంకనే పిల్లల ముంగటికి పో.”

అలాంటి పుస్తకం నేనెక్కడా చూడలేదు. పిల్లతో మాట్లాడాలంటే నేలమీద కూర్చోవాలట. ఏడ్చే పిల్లను ఊరుకోమనకూడదట, ఎవరు గుర్తొచ్చారో అడగాలట. తొమ్మిదో రూలు, తెలిసిన మనిషికే పిల్లను అప్పగించాలి. చివరి పేజీ మాత్రం ఖాళీ. ఎందుకండీ అంటే, “పని వడ్తది” అని నవ్వారు.

రాజు వేషాలకు పేరుపడ్డ ఒక నటుడి కూతురు చిన్ని మా బడికే వచ్చేది. రోజూ వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళేది. నేను చేరిన రెండో వారంలో, ఒక మధ్యాహ్నం గేటు ముందు కారు ఆగి అందులోంచి సాక్షాత్తూ మహారాజు దిగాడు. కిరీటం, గడ్డం, మెడనిండా హారాలు! నేను మూడుసార్లు చూసిన సినిమాలో ఉన్నట్టే ఉన్నాడు. పాప కోసం వచ్చానన్నాడు. తెలిసిన మనిషేగా! పరుగున వెళ్ళి చిన్నిని ఎత్తుకొచ్చాను.

“మా నాన్న కాదు!” అని చిన్ని కేకపెట్టింది.

“వేషంలో ఉన్నారమ్మా” అని బుగ్గ గిల్లి, ఆయన చేతుల్లో పెట్టేశాను. ఎంత మొద్దునో చూడండి.

ఆ కేక విని అనసూయమ్మగారు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి కారుకు అడ్డంగా నిలబడ్డారు.

“గా పిల్ల ఏమంటున్నదో ఇనవడ్తలేదా నీకు?”

అడిగింది మహారాజును కాదు, నన్ను. ఆయన గబగబా గడ్డం పీకేశాడు. లోపల ఉన్నది వేరే ఎవరో!

“నేను సారు డూపునమ్మా. షాట్ అవ్వలేదు, పాపను తీసుకురమ్మన్నారు.”

అతను చెప్పింది నిజమేనని తర్వాత వాళ్ళమ్మ వచ్చాక తేలింది. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది, కాకపోయి ఉంటే? వాళ్ళమ్మ వచ్చేదాకా చిన్ని అనసూయమ్మగారి మెడ వదల్లేదు.

ఉద్యోగం ఊడిందనే అనుకుని, సాయంత్రం సంచి సర్దుకుని ఆవిడ ముందు నిలబడ్డాను.

“రూలు ప్రకారమే చేశానండీ. తెలిసిన మనిషే అనుకున్నాను” అంటూ ఏడ్చేశాను.

“ఎవరికి తెల్సిన మనిషి?”

ఆవిడ నా పుస్తకం చివరి పేజీ తెరిచి పెన్ను ఇచ్చారు.

“తొమ్మిదో రూలు రాసింది నేనే. సగమే రాసినా అని ఇయ్యాల తెల్సింది. మిగతాది నువ్వు రాయి. రేపు జల్ది రా. చిన్ని వచ్చేసరికి కింద కూసొని ఉండు.”

మర్నాడు గేటు దగ్గర నేలమీద కూర్చున్నాను. చిన్ని నా ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“నాన్న కాదని చెప్పాను కదా!”

“చెప్పావమ్మా. నేనే వినలేదు.”

నడుం మీది చేతులు దించి నా ఒళ్ళో కూర్చుంది. ఆ క్షణాన నాకు కలిగిన ఆనందం ఏ హీరోని చూసినా కలగలేదు, ఒట్టు!

ఆ రోజు నేను రాసిన మాటే ఇప్పుడీ కొత్త పుస్తకంలో తొమ్మిదో రూలు: పిల్లకు తెలిసిన మనిషికే అప్పగించాలి, పిల్ల కాదంటే కాదు. ఇందాక ప్రెస్ అతను ఫోన్ చేసి, చివరి పేజీ అచ్చు పడలేదని తెగ నొచ్చుకున్నాడు. పడకూడదని చెప్పాను. రేపు కొత్తమ్మాయి చేరుతోంది.