బొమ్మ రాని రోజులు

మా అత్తగారు పోయారన్న కబురు మా ఆయన ఫోనులో చెప్పారు. "అమ్మ లేదు" అన్నారు. వెంటనే, "గుంటల కాడ ఇప్పుడే చెప్పొద్దు. శీనయ్య మేత చల్లడం అయిపోనీ" అన్నారు. నెల్లూరు ఆసుపత్రిలో, తల్లి మంచం పక్కన నిలబడి అనాల్సిన మాటేనా ఇది అనిపించింది. మరుక్షణమే, ఆవిడ ఉంటే అదే చెప్పేదని తట్టింది. తను పోయినందుకు మా గుంటల్లో రొయ్యలకు ఒక పూట మేత తప్పిందంటే ఆవిడ మమ్మల్ని క్షమించేది కాదు.

సమాధుల తోటలో పాస్టరు గారు ఆవిడ సాత్వికురాలని చెప్పారు. ఆ మాట దగ్గర వెనక నుంచి ఎవరో దగ్గారు. నవ్వాపుకోడానికి వచ్చిన దగ్గని నాకు తెలుసు. పాస్టరు గారి మీద గౌరవంతోనే ఇక్కడ సరిచేస్తున్నాను: మా అత్తగారు సాత్వికురాలు కాదు. అయ్యుంటే నేను ఇవాళ కాలేజీలో పాఠం చెబుతూ ఉండేదాన్ని కాదు. ఆ గుంటలూ మా చేతిలో మిగిలేవి కావు. ఈ మాటలు నిజమనే అనుకుంటున్నాను. నా అనుకోవడాల మీద నాకు ఎప్పుడూ పూర్తి నమ్మకం ఉండదు, అది వేరే సంగతి.

పెళ్ళయ్యేనాటికి నా ఎమ్మెస్సీ సగంలో ఉంది. కొత్త కోడలిని కదా, వాళ్ళు అనకముందే నేనే అనేస్తే మర్యాదగా ఉంటుందని, చదువు ఆపేస్తానన్నాను. ఆవిడ చేపలు తోముతూ తల ఎత్తలేదు. "ఆపు. ఆపి, ముసిలిదానివయ్యేదాకా మా అత్త చదవనీలేదని ఊరంతా చెప్పుకుంటా తిరుగు. ఆ పేరు నాకొద్దు మే. రేపట్నించి బస్సెక్కు" అంది. ఎక్కాను. మిగిలిన ఏడాదంతా పొద్దున్నే క్యారేజీ కట్టి బల్ల మీద ధన్‌మని పెట్టేది. ఏం చదువుతున్నావని ఒక్కనాడూ అడగలేదు. పరీక్ష పాసయ్యానని చెబితే, "పాస్ కాకుంటే బస్సు చార్జీలు ఎవరిస్తారు" అంది. నాకు అందిన అభినందన అదే.

తోటపల్లి గూడూరు వైపు మాకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. మామగారు పోయాక వాటిని నిలబెట్టింది ఆవిడే. గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగేది. ఒక వానాకాలం గట్టు మీదే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత ఇక నడవలేకపోయింది. ముందు గదిలో మంచం వేశాం. పడుకున్నదేగాని ఊరుకోలేదు. గుంటలు చూడకపోతే చస్తానంది. ఆవిడ చస్తానంటే ఇంట్లో మిగతావాళ్ళు చావాలని అర్థం. మా ఆయన గట్ల మీద స్తంభాలు పాతించి కెమెరాలు పెట్టించి, ఇంట్లో పాత కంప్యూటర్ మానిటర్ ఒకటి తెచ్చి మంచం పక్క స్టూలు మీద ఆవిడ చేతికందేలా ఉంచారు. తెర మీద నాలుగు గళ్ళు, నాలుగు గుంటలు.

అక్కడి నుంచి ఆవిడకు పదేళ్ళు వయసు తగ్గింది. గుంటల కాపలా శీనయ్యది. మోటారు షెడ్డులో భార్యతో కాపురం. నీళ్ళకు గాలి పట్టించే చక్రాల్లో ఒకటి ఆగితే అతనికన్నా ముందు ఆవిడకు తెలిసేది. ఫోను చేసి, "రెండో గుంటలో చివర చక్రం పడుకోనుండాది. నువ్వూ దాని పక్కనే పడుకోనుండావా?" అనేది. ఒకసారి అలా చూసి చెప్పబట్టే రొయ్యలు చచ్చి గుంటంతా తెల్లగా తేలిపోకుండా మిగిలింది. శీనయ్య కన్నా ముందున్న కాపలావాణ్ణి పట్టపగలు నిద్రపోయాడని పంట సగంలో ఉండగానే పంపేసింది. మధ్యాహ్నానికల్లా వాళ్ళ గిన్నెలూ చాపలూ రోడ్డు మీద ఉన్నాయి. శీనయ్యకు ఆ సంగతి తెలుసు. అతనికి ఆ షెడ్డు తప్ప వేరే ఇల్లు లేదని ఆవిడకు తెలుసు.

అప్పుడే మానిటర్‌కు రోగం పట్టుకుంది. బొమ్మ ఉన్నట్టుండి పోయేది. నల్లటి తెర మీద 'నో సిగ్నల్' అన్న చిన్న డబ్బా అటూ ఇటూ తేలుతూ ఉండేది. కాసేపటికి దానంతట అదే వచ్చేది, లేదా ఒక పూటంతా వచ్చేది కాదు. ఇంట్లో సైన్సు చదివింది నేనే కాబట్టి బాగుచేయడం నా పనయింది.

మానిటర్ దీపం వెలుగుతోంది, కాబట్టి కరెంటు అందుతోంది. మానిటర్‌ను నా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే బొమ్మ చక్కగా వచ్చింది, కాబట్టి మానిటర్ మంచిదే. కెమెరాల పెట్టెను హాల్లో టీవీకి కలిపితే అక్కడా గుంటలు కనిపించాయి, కాబట్టి పెట్టె మంచిదే. మిగిలింది కేబుల్. దాని మూతి చూస్తే పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలి ఇక్కడ తలుపు గడియల్నే తినేస్తుంది, కేబుల్ ఒక లెక్కా. కొత్తది తెచ్చి వేశాను. వారం బాగుంది. మళ్ళీ పోయింది. ఊడిపోతోందేమోనని టేపు చుట్టాను. టేపు వదులయ్యేది. నెల్లూరు నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే, అతను ఉన్నంతసేపూ బొమ్మ కదల్లేదు. అతని బండి సందు దాటగానే పోయింది.

"విడివిడిగా అన్నీ మంచివే. కలిపితేనే రోగం. మన కొంప మాదిరే" అంది అత్తమ్మ. ఇంకోసారి, "ఎమ్మెస్సీ చేత్తో తీగె గుచ్చితే కూడా నిలబడదా?" అంది. నేను నిజంగానే సరిగా గుచ్చడం లేదేమో అనుకునేదాన్ని. కాలేజీకి బయల్దేరే ముందు గట్టిగా నొక్కి, చేత్తో కదిలించి చూసి, మెట్లు దిగి, మళ్ళీ వెనక్కొచ్చి నొక్కేదాన్ని.

ఒక రోజు పొద్దున బొమ్మ లేదు. నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఉంటే ఆవిడ శీనయ్యకు ఫోను చేయడం వినిపించింది. "నాకు ఇయ్యాల ఏం కనపడలేదు రా. గుంటలు నీకు వదిలేసినా. నీ దయ." అంత మెత్తని గొంతు నేను అంతకుముందు వినలేదు. ఆ మధ్యాహ్నం వాయుగుండమని కాలేజీ ముందే వదిలేశారు. ఇంటికొచ్చేసరికి తెర మీద నాలుగు గళ్ళూ అద్దంలా ఉన్నాయి. అత్తమ్మ దిండుకానుకుని కూర్చుని చూస్తోంది. నా వైపు తిరగలేదు. "చెప్పులిప్పి గమ్మున రా" అంది.

మూడో గడిలో శీనయ్య. మేత ఎంత తిన్నాయో చూసే జల్లెడ పైకి లాగి, అందులో పడ్డ రొయ్యల్లో పిడికెడు తీసి తువ్వాల్లో వేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఇంకో పిడికెడు వేసుకున్నాడు. ఆ పూట వాళ్ళింటికి బావమరిది వచ్చి ఉన్నాడట. రొయ్యల గుంట కాపలావాడి ఇంట్లో చుట్టానికి పప్పు పెడితే పరువుండదు.

"కేబుల్ మీరే లాగేస్తా ఉన్నారా అత్తమ్మా?" అన్నాను.

"మొదటిసారి దానంతటదే పోయింది. పోయిందని వీడికి చెప్పినా. నువ్వు బాగుచేసినాక చెప్పడం మరిచిపోయినా. ఆ రోజు చూసినా వీడి నడక. చూస్తా ఉన్నారని తెలిసినప్పుడు ఒక మనిషి, చూడట్లేదనుకుంటే ఇంకో మనిషి. మనం జీతమిచ్చేది ఆ రెండోవాడికి కదా మే."

పాపం కదా, అన్నాను. అప్పుడు నా వైపు తిరిగింది. "వాణ్ణొక్కణ్ణే చూసినాననుకున్నావా? నువ్వు కూడా బొమ్మ రాని రోజునే వంటింట్లో పాట పాడతావు."

అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ ఆ తర్వాత నోట్లోకి ఏ కీర్తన వచ్చినా, పాడే ముందు ముందుగదిలోకి తొంగిచూసి, తెర వెలుగుతోందో లేదో చూసుకోవడం అలవాటయింది.

మర్నాడు గట్టు మీదకు వెళ్ళి శీనయ్యను హెచ్చరించాను. బొమ్మ వస్తోంది, జాగ్రత్త అన్నాను. అతను నన్ను చాలాసేపు చూశాడు. "ఆమె బొమ్మ పోయిందంటది, మీరు వచ్చిందంటారు. ఈ మాట చెప్పమని ఆమే పంపిందా అక్కా?" అన్నాడు. కాదన్నాను. నమ్మలేదు. అతని చోట నేనున్నా నమ్మను.

అత్తమ్మ నెల రోజులు ఆ రొయ్యల సంగతి ఎత్తలేదు. గుంటలో రొయ్యలు పట్టే పట్టుబడి రోజున కుర్చీతో సహా ఆటోలో గట్టు మీదకు తీసుకుపొమ్మంది. వలలు లాగేవాళ్ళు, రొయ్యలు ఏరే ఆడవాళ్ళు, కొనడానికి వచ్చిన బేరగాళ్ళు అంతా ఉన్నారు. శీనయ్య గంప తలకెత్తుకుని వస్తుంటే, బేరం మాట అడిగినంత మామూలుగా అడిగింది. "శీనయ్యా, మీ బావమరిదికి రొయ్యల కూర నచ్చిందా? ఉప్పు సరిపోయిందా?"

ముందు అర్థం కాలేదు అతనికి. అర్థమయ్యాక తలమీది గంప దించుకోవడం కూడా మరిచిపోయాడు. నీళ్ళు చొక్కా మీదకు కారుతున్నాయి. వల దగ్గర ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఏరుతున్న చోటి నుంచి అతని భార్య లేచి వచ్చింది. "ఆయన్నేమీ అనబాకండమ్మా. నేనే తెమ్మన్నా."

"నేనేమన్నా మే? ఉప్పు సంగతి అడిగినా" అంది అత్తమ్మ.

అతన్ని తీసేయలేదు. సాయంత్రం నా చేతే ఒక బకెట్ నిండా రొయ్యలు షెడ్డుకు పంపించింది. అతని భార్య నా మొహం చూడకుండా అందుకుంది. మర్నాడు బకెట్ కడిగి తెచ్చి గుమ్మంలో బోర్లించి పోయింది. వాటిని వండారో, మళ్ళీ గుంటలోనే పోశారో అడగలేకపోయాను.

ఎందుకు ఉంచారని మాత్రం అత్తమ్మను అడిగాను. "తీసేస్తే ఇంకో గుంట కాడికి పోయి నిద్రపోతాడు. ఉంచితే ఇంక జన్మలో కన్ను మూయడు. దొరికిన దొంగకన్నా నమ్మకస్తుడు దొరకడు" అంది. అన్నట్టే అతను మూయలేదు. ఆ తర్వాత మా గుంటల్లో ఒక్క చక్రమూ ఆవిడ చూసేదాకా ఆగి ఉండలేదు. మా పిల్ల చదువు ఆ గుంటల మీదే సాగింది. మా ఆయన ఆసుపత్రి ఖర్చులకు ఎవరి ముందూ చెయ్యి చాపకుండా తల్లిని చూసుకోగలిగారు. ఆ ఇంటి అన్నం నేనూ తిన్నాను, తింటున్నాను. నన్ను బస్సెక్కించిన చెయ్యీ, కేబుల్ లాగిన చెయ్యీ ఒక్కటే. ఒకదానికి దణ్ణం పెట్టి రెండోదాన్ని వదిలేయడం ఎలాగో నాకు చదువులో ఎవరూ చెప్పలేదు. కృతజ్ఞత అని రాయాలనుకుంటే చెయ్యి ఆగుతోంది. అయినా రాస్తున్నాను. అది లేదంటే అబద్ధమవుతుంది.

ఆవిడ జ్ఞాపకార్థం పెట్టిన ప్రార్థన కూడిక అయిపోయాక మానిటర్‌ను మా పిల్ల తన గదిలోకి పట్టుకుపోయింది. కేబుల్ మార్చకుండానే పనిచేస్తోంది, ఒక్కసారీ పోలేదు. కెమెరాల పెట్టె ప్లగ్ పీకేశాం. ఆ సంగతి చెప్పడానికే నిన్న సాయంత్రం గుంటల కాడికి వెళ్ళాను. ఇక ఎవరూ చూడడం లేదు శీనయ్యా, అన్నీ తీసేశాం అని చెప్పాను. "అట్నే అక్కా" అన్నాడు.

తర్వాత చేతులు కడుక్కుని, షెడ్డు వైపు వెళ్ళే దారిలో కెమెరా స్తంభం ముందు ఆగాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. లుంగీ మడత విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. చొక్కా జేబు బయటకు లాగి చూపించాడు. ఎవరు చేయమన్నారని అడిగాను. ఎవరూ చెప్పలేదక్కా అన్నాడు, పైకి చూస్తూనే. సముద్రం మీది గాలికి తువ్వాలు చేతిలో కొట్టుకుంటోంది. దాన్ని రెండు చేతులా చాపి పట్టుకుని, పైనున్న మనిషి బాగా చూడ్డానికి ఎంతసేపు కావాలో అంతసేపు, కదలకుండా నిలబడ్డాడు.